మా రాజారాం గోల్ ఎందుకు కొడ్తలే

6 జూలై 1986, ఆదివారం

నూలు దుకాణం సేటు దీపావళికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నొద్దులు నా పెండ్లాం చంద్రభాగ దీని మీద వేడి గిన్నె దించుతుండె. అట్ట మీద గుండ్రంగ మరక. ఇయ్యాల తుడిచి తీసిన.

ఎందుకు తీసిన్నంటే, నోరు మూసుకునే కాలం వచ్చింది. మీసాలకు సర్కారు పన్ను ఏస్తుందని మా దోస్తు పెంటయ్యకు చెప్పిన. కొలిచి మరీ ఏస్తరట అన్న. పొద్దుగాల చెప్తే పగటీలికల్ల గొరిగించుకున్నడు. అదే మాపటికి వాని కొడుకు సాఖర్‌పుడా, పెండ్లి ఖాయం చేసుకునుడు. పిల్ల తరుపోళ్లు వచ్చి కూసొని, “పిలగాని తండ్రి ఏడి?” అని వాన్నే అడిగిండ్రట. రాస్తుంటే గూడ నవ్వొస్తుంది.

చంద్రభాగకు నవ్వు రాలే. నన్ను మార్కండేయ గుడికి గుంజుకపోయి గడప మీద చెయ్యి పెట్టించింది. జంధ్యాలు మార్చే నూలపున్నం దాక అబద్ధం ఆడ, ఎవ్వన్ని ఆగం చెయ్య అని అనిపిచ్చింది. లెక్కబెట్టిన. నలభై నాలుగు రోజులు. నాకు నలభై నాలుగేండ్లు. ఏడాదికొక రోజు శిక్ష.

అందుకే నోటికొచ్చింది ఈ డైరీల రాస్తున్న. ఊరు మరాఠోళ్లది, మేం తెలుగు నేతోళ్లం. చంద్రభాగ మరాఠీ బడిల సదివింది, తెలుగు సదువరాదు. నేను తెలుగు బడిల నాలుగోది దాక పోయిన. పంతులు టోపీల కప్పను పెట్టినంక పోలే.

13 జూలై, ఆదివారం

నూలపున్నం ఫుట్‌బాల్ కప్పు మొదలైంది. మన భవాని పేట్ తరుణ్ మండల్ పోరగాండ్లకు పెంటయ్యే కోచ్. మీసం లేని కోచ్. నన్ను చూసి అటు మొఖం తిప్పిండు. నేను ఏం అనలే. ఒట్టు.

మా యల్లమ్మక్క కొడుకు రాజారాం లెఫ్ట్ అవుట్ ఆడుతడు. ఎడమ గీత పట్టుకొని ఉరుకుడే వాని పని. వారె, ఏం ఉరికిండు! గీత మీద నూలు పోసినట్టు పోతడు, ఒక్క అడుగు అవతల పడదు. పోయినేడు ముగ్గురిని దాటితే ఆయాసపడేటోడు, ఇప్పుడు ఐదుగురిని దాటి ఎనుకకు చూసి, ఇంకెవరన్న ఉన్నరా అన్నట్టు నిలబడ్డడు.

ఎందుకు రాదు? మా గల్లీల పొద్దుగాల మగ్గాలోళ్లు పడుగు సాపితే ఒక దిక్కు పడుగు, ఒక దిక్కు మోరి. నడుమ మూరెడు జాగ. ఆ మూరెడు జాగల గుడ్డల చెండు ఆడుకుంట పెరిగిండు. ఇప్పుడు కార్ఖానల రెండు సాంచల నడుమ, కరెంటు మగ్గాల నడుమ, పొద్దంత తిరుగుతడు. గీత మీద ఉరుకుడు వానికి కొత్తనా?

కాని గోల్ కాడికి పోయినంక ఏమైతదో. మూడు సార్లు గోల్‌కీపర్ ఒక్కడే ఎదురు. మూడు సార్లు చెండును చిన్నగ, అత్తగారింట్ల చాయ్ కప్పు అందించినట్టు, వాని చేతుల పెట్టిండు. మూడోసారి గోల్‌కీపరే బిత్తరపోయి, “తీస్కొమ్మంటవా?” అన్నడు.

15 జూలై

ఇంకా ముప్పయి ఐదు రోజులు.

20 జూలై, ఆదివారం

ఇయ్యాల ఇంకా మంచిగ ఆడిండు. రెండు గోల్స్ వేరేటోళ్లు కొట్టిండ్రు, రెండూ వీడు అందిచ్చినయే. వీనికి దొరికినయి నాలుగు. నాలుగూ చాయ్ కప్పులే.

ఆట చూసేతందుకు రైల్వే సాబ్ ఒకాయన వచ్చిండు. ఆటగాండ్లను ఏరుకొని నౌకరి ఇస్తరట. కుర్చీల కూసొని మూంగ్‌ఫల్లి తినుకుంట, “ఏ లడకా కౌన్?” అన్నడు. పెంటయ్య ఉరికొచ్చి చెప్పిండు. సాబ్ అన్నడు, “ఉరుకుడు ఫస్ట్ క్లాస్. కాని కొట్టుడు రాదు. గోల్ కొట్టనోన్ని తీస్కపోయి నేనేం చేసుకోను, ఇంజన్ ముంగట ఉరికిస్తనా?”

అక్క చెవుల పడింది ఆ మాట. బీడీలు చుట్టే చాట ఒళ్లె పెట్టుకొనే మైదానంల కూసుంటది ఆమె, చేతులు ఆగయి. ఇయ్యాల ఆగినయి.

నౌకరి వస్తే వాడు కార్ఖానలకెళ్లి బయట పడుతడు. ఆ సాంచల లొల్లికి వానికి ఇప్పటికే ఎడమ చెవు మందం. అక్కకు గదే రంది.

22 జూలై

గల్లీల రెండు ఇటుకలు పెట్టి, “కొట్టురా” అన్న. కొట్టిండు. చెండు ఇటుకల నడిమికెళ్లి పోయి మా ఇంటి తలుపుకు తగిలి గొళ్లెం ఊడింది. మళ్ల కొట్టు అన్న. కిష్టయ్య ఇంటి పెంకు పగిలింది. కాలు గాదు అది, సుత్తె.

మరి మైదానంల ఏమైతుంది బిడ్డా అంటే, “ఏమో మామా, అక్కడ కాలు మెత్తబడుతది” అన్నడు.

పెంటయ్య బూట్లకు నిమ్మకాయ కట్టిచ్చిండు. చంద్రభాగ కోడిగుడ్లు పంపింది. నేను, పిలగానికి పెండ్లి చెయ్యాలె అన్న. “గోల్‌కు పెండ్లికి ఏం సంబంధం?” అన్నది అక్క. ఏం లేదు, ఊకె అన్న. ఇది అబద్ధం కిందికి రాదు.

27 జూలై, ఆదివారం

ఇయ్యాల ఒకటి చూసిన. రాయ.

28 జూలై

ఏం చూడలే.

29 జూలై

సరే, రాస్త. నిన్న మొన్న నిద్ర పడ్తలే.

ఆదివారం గెలిచినం. వీడు కొట్టలే, ఇంకోడు కొట్టిండు. ఆట అయినంక అందరు చాయ్ కాడికి పోయిండ్రు. రాజారాం ఒక్కడే గోల్ కాడికి పోయిండు. తరుణ్ మండలోళ్లు యాడికెళ్లో రెండు పాత వలలు తెచ్చి గోల్ పోళ్లకు కట్టిండ్రు, చాపలు పట్టేటియి ఉన్నట్టున్నయి. వాడు అటు ఇటు చూసిండు. ఆ వలను రెండు చేతులతోని ముట్టి కండ్లకద్దుకున్నడు.

నూలుకు కాలు తగిలితే మనం అద్దుకోమా, గట్ల.

చాయ్ పారబోసి ఇంటికొచ్చిన.

30 జూలై

పదేండ్ల కిందటి ముచ్చట. రాజారాంకు తొమ్మిదేండ్లు. వాళ్ల తాత బాలయ్య, అంటే మా అక్క మామ, గల్లీల పడుగు సాపి గంజి పెట్టిండు. పట్టు అంచు పడుగు, పెండ్లి చీరలది. పిలగాడు పక్కనే గుడ్డల చెండు ఆడుతుండె. చెండు తగిలింది. పోగులు తెగినయి. బాలయ్య కుంచె కట్టెతోని కొట్టిండు. పిలగానితోని పొద్దంత తెగిన పోగులు ముడేయించిండు. మాపటికి నూలు కండ్లకద్దిచ్చి ఒట్టు పెట్టిచ్చిండు, “నూలు మన తల్లి, ఇగ నా బతుకుల నూలు మీదికి తన్న” అని.

గంతే. చెండు తగిలింది.

31 జూలై

చెండు తగిలిందని నేనే చెప్పిన.

1 ఆగస్టు

నా సైకిల్ గూడ అక్కడ్నే ఉండె.

3 ఆగస్టు, ఆదివారం

ఇయ్యాల ఆట లేదు. రాజారాంను కొంతం చౌక్ కాడ భజ్జీలు తినిపిచ్చి అడిగిన, “వల కాడ నీకేం యాదికొస్తదిరా?”

సిగ్గుపడ్డడు. భజ్జీ తుంచుకుంట చెప్పిండు. “నవ్వద్దు మామా. దాన్ని చూస్తె తాత పడుగు లెక్క కొడుతది. గట్టిగ తంతే తెగుతదేమో అనిపిస్తది. ఒట్టు పెట్టిన గద. నా చెండుతోనే గద అప్పుడు తెగింది. పాపం, తాత మూడొద్దులు అన్నం తినలే.”

నాకు నవ్వు రాలే. భజ్జీ చేతులనే ఉంది.

చెప్పాలె గద అప్పుడు? చెప్పిన. ఏం చెప్పిన్నంటే, “అది నూలు గాదురా, నైలాన్. నైలాన్‌కు మనకు ఏం చుట్టరికం లేదు.”

“దారమే గద మామా” అన్నడు.

ఇంకా పదహారు రోజులు.

10 ఆగస్టు, ఆదివారం

ఫైనల్‌కు వచ్చినం. వచ్చే ఆదివారం జోడ్‌భావి పేట్ తోని. ఇయ్యాల రాజారాం ఆట చూసి జోడ్‌భావోళ్లే చప్పట్లు కొట్టిండ్రు. చాయ్ కప్పులు ఐదు.

రైల్వే సాబ్ అక్కను పిలిచి అన్నడట, “అమ్మా, ఒక్క గోల్. నా కండ్ల ముంగట ఒక్కటి కొట్టుమను, పేరు రాసుకపోత. లేకుంటే జోడ్‌భావి పిలగాన్ని రాసుకుంట.” అక్క నా దగ్గరికి వచ్చింది. “అంబాదాసూ, నీ మాట వింటడు వాడు. ఏమన్న చెప్పురా.”

చెప్త అక్కా అన్న.

13 ఆగస్టు

చెప్పాలంటే ఏమని చెప్పాలె? మీ తాత కొట్టిన దెబ్బలు నాయి అనా? అక్కకు ఎట్ల చెప్పాలె? ఆ దినం ఆమె గూడ కొట్టింది వాన్ని. తన మామ ముంగట తల ఎత్తుకోలేక కొట్టింది. నేను పక్కన నిలబడి, “పోనీ అక్కా, చిన్నపోరడు” అన్న. పెద్దమనిషి లెక్క అన్న.

15 ఆగస్టు

వల లేకుంటే?

16 ఆగస్టు, శనివారం

వల లేకుంటే వాని కాలు సుత్తె. గల్లీల చూసిన గద. ఇటుకలకు వల లేకుండె.

పొద్దుగాల తరుణ్ మండల్ కాడికి పోయి, “రెండు వలలు చిరిగినయి, ఫైనల్‌కు పెద్దోళ్లు వస్తరు, ఇజ్జత్ పోతది, నేను ముడేస్త ఇయ్యుండ్రి” అన్న. సాంచలు బాగుచేసే జాబర్ను, ముడేసుట్ల నాకంటె మొనగాడెవడు? సంబరంగ ఇచ్చిండ్రు.

నిజంగనే ముడేసిన. పొద్దంత కూసొని చిరుగులన్ని కలిపిన. ఇది అబద్ధం కిందికి రాదు. రేపు తీస్కపోవుడు యాది మరుస్త. యాది మరుసుడు అబద్ధమా? కాదు. మనిషన్నంక మరుస్తడు.

17 ఆగస్టు, ఆదివారం, పొద్దుగాల

యాది మరిచిపోయిన.

17 ఆగస్టు, మాపటికి

ముక్కుకు తడి తువ్వాల కట్టుకొని రాస్తున్న. ఒక్క కన్నే కనపడుతుంది. అయినా మొత్తం రాస్త.

మైదానం నిండ జనం. “వలలేవి అంబాదాస్?” అన్నరు. తల కొట్టుకున్న, “అరెరె, ఇంట్లనే మరిచిన” అన్న. అప్పటికే సాబ్ వచ్చిండు, మబ్బు పట్టింది. రెఫ్రీ పీటీ మాస్తరు మరాఠాయన. “చాలూ కరా” అని, ఆట మొదలుపెట్టుమని సీటి ఊదిండు. లోపట నవ్వుకున్న.

మొదటి సగం ఎవ్వరు కొట్టలే. రెండో సగంల రాజారాంకు చెండు దొరికింది. గీత పట్టుకొని ఒకన్ని దాటిండు, ఇద్దర్ని దాటిండు, లోపటికి మలిగిండు. ఎదురుంగ గోల్. వల లేదు. కొట్టిండు.

అబ్బ! అసొంటి దెబ్బ నా జన్మల చూడలే. చెండు కండ్లకు కనపడలే. గోల్ అవతల భజ్జీల బండి మీద గంగాళం ఢాం అన్నది. భజ్జీలన్ని మట్టిల. భవాని పేట్ మొత్తం ఎగిరింది, “గోల్!” అని. జోడ్‌భావోళ్లు మొత్తం లేచిండ్రు, “పోల్ బయటికెళ్లి పోయింది!” అని.

వల ఉంటే చెండు అండ్ల ఆగేది. లేదాయె. లోపటికెళ్లి పోయిందా, పక్కకెళ్లి పోయిందా, ఎవనికి ఎరుక? పీటీ మాస్తరు గోల్‌కీపర్ను అడిగిండు. “నేను వంగిన మాస్తర్” అన్నడు. భజ్జీలామెను అడిగిండు. “ఎటు నుంచి వస్తే ఏంది, నా భజ్జీలు ఎవడిస్తడు?” అన్నది. రాజారాంను అడిగిండు. ఈ పోరడు నిజమే చెప్తడు గద, “కండ్లు మూసుకొని కొట్టిన సార్” అన్నడు.

గోల్ కాదు అన్నడు మాస్తరు. వలలు వస్తేనే ఇగ ఆట అన్నడు.

అందరు నా మీదికి తిరిగిండ్రు. నేను నోరు తెరిచిన, ఇల్లు దూరం, వాన వచ్చేటట్టుంది, అని ఏదో అనబోయిన. అప్పుడు జనం నడిమికెళ్లి నెత్తిన మూట పెట్టుకొని చంద్రభాగ వస్తుంది. చెమటలు కారుతున్నయి. మొఖం నిండ సంతోషం.

“ఏమయ్యో! వలలు ఇంట్లనే మరిచినవు! తలుపెనుక దాచిపెట్టినట్టు పెట్టినవు, దొరుకుతనే లేవు. ఉరికొచ్చిన!”

భవాని పేట్ నుంచి నడిచే వచ్చింది తల్లి.

వలలు కట్టే పని నాకే పడింది. కొత్త ముడులు, గట్టిగున్నయి, కొండను కట్టినా తెగయి. కట్టుకుంట చూస్తే రాజారాం పక్కన నిలబడి ఉన్నడు. వలనే చూస్తున్నడు. వాని మొఖం చూసిన. తొమ్మిదేండ్ల మొఖం.

అవతల అక్క చాట కింద పెట్టి రెండు చేతులు నెత్తి మీద పెట్టుకుంది.

చెప్పిన.

“రాజారాం. ఆ పడుగు నీ చెండుతోని తెగలేరా.”

“ఏంది మామా?”

“నా సైకిల్. చేతులు ఇడిసిపెట్టి తొక్కుకుంట వచ్చిన, షోకుకు. పొయ్యి పడుగుల పడ్డ. లేచి చూస్తే నీ చెండు అక్కడ కనపడ్డది. నీ పేరు చెప్పిన.”

నేను ముడి ఏసిందే మళ్ల ఏస్తున్న.

“పొద్దంత ముడేసిన మామా నేను.”

“చూసిన బిడ్డా.”

“పక్కన కూసొని పాట పాడినవు నువ్వు.”

పాడిన. నిజమే. అది గూడ యాదికున్నది వానికి.

“అమ్మకు ఎరుకనా?”

“లేదు.”

“ఇప్పుడైతది” అని గీత మీదికి పోయిండు.

నేను వల ఎనుకనే నిలబడ్డ. సీటి ఊదిండు మాస్తరు. ఇగ వాని ఆట చెప్పరాదు. ఉరుకుడు గాదు అది, వేట. ఐదారు నిమిషాలల్ల మళ్ల చెండు దొరికింది. ఇద్దర్ని దాటిండు. గోల్ ముంగటికి వచ్చిండు. ఈసారి కండ్లు మూసుకోలే. గోల్‌కీపర్ను చూస్తలేడు. వలను చూస్తలేడు. వల అవతల నన్ను చూస్తున్నడు.

తప్పుకోవాలెనని ఎరుకైంది. తప్పుకోలే. ఎందుకో రాయరాదు.

చెండు వలకు తగిలి, వలతో సహా వచ్చి నా మొఖానికి తగిలింది. నా ముడి ఒక్కటి తెగలే. ముక్కే పగిలింది.

పండుకొని ఒక్క కన్నుతోని చూసిన. రాజారాం నడిచి వచ్చిండు. వలను ముట్టి కండ్లకద్దుకున్నడు. నన్ను ముట్టలే.

తర్వాత జోడ్‌భావోళ్లు గూడ ఒకటి కొట్టిండ్రట. కప్పు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అన్నరట. నేను చూడలే. సాబ్ వచ్చి రాజారాంను అడిగింది మాత్రం విన్న. “ఇన్నొద్దులు ఎందుకు కొట్టలే, ఇయ్యాల ఎట్ల కొట్టినవు?”

“ఇన్నొద్దులు వల ఎనుక మామ లేకుండె సాబ్.”

సాబ్‌కు సమజ్ కాలే. కాని పేరు రాసుకున్నడు.

18 ఆగస్టు

అక్కకు చెప్పిండు వాడు. గోడ అవతల అక్క ఇంట్లకెళ్లి చాట పడ్డ సప్పుడు వినొచ్చింది. అక్క బీడీల చాట కింద పడుడు నేను ఎన్నడు వినలే.

చంద్రభాగకు గూడ అంత చెప్పిన. “తలుపెనుక దాచిపెట్టినవని అందరి ముంగట నేనే అన్న గద” అని నవ్విందో ఏడ్సిందో. ముక్కుకు పసుపు రాసింది. గట్టిగనే రాసింది.

19 ఆగస్టు, నూలపున్నం

జంధ్యం మార్చుకున్న. మార్కండేయుని రథం పోయింది. ఒట్టు తీరింది. ఇగ ఎవ్వన్ని ఏమన్న అనొచ్చు. ఎవ్వన్ని ఏం అనబుద్ది కాలే.

గల్లీల అందరి చేతులకు రాఖీలు. అక్క రాలే.

20 ఆగస్టు

రాలే.

21 ఆగస్టు, గురువారం

పొద్దుగాల రాజారాం వచ్చిండు. నవ్వలే, తిట్టలే. కాయిదం లెక్క మొఖం పెట్టి చెప్పిండు.

“మామా, రైల్వే సాబ్ కబురు పంపిండు. మీ మామ వల ఎనుక నిలబడితెనే గోల్ కొడుతున్నవట, ఆయనను గూడ తీస్కరా, పాస్ ఇస్తం అన్నడు. ప్రతి ఆటకు.”

“నన్నా?”

“నిన్నే. ఫోటో కావాలెనట. కొంతం చౌక్ స్టూడియోల దిగుమన్నడు. మీసం ఉంటే నడవదట, వలల చిక్కుకుంటదని రూల్.”

నా మీసం ఇరవై ఐదేండ్లది. అద్దంల చూసుకున్న. మరి పిలగాని నౌకరి ముచ్చట. వాడు నాతోని మాట్లాడుడే గొప్ప. పోయి గొరిగించుకున్న. తెల్లంగి ఏసుకున్న. స్టూడియోకు పోయి, “రైల్వే ఫోటో” అన్న.

లోపట స్టూల్ మీద పెంటయ్య కూసున్నడు. వానికి కొత్త మీసం మొలుస్తుంది, గడ్డి లెక్క. నన్ను కిందికి మీదికి చూసిండు. జేబులకెళ్లి టేప్ తీసి నా పై పెదవి మీద పెట్టి కొలిచి,

“పన్ను మాఫీ” అన్నడు.

పరద ఎనుక రాజారాం. వాని ఎనుక భవాని పేట్ తరుణ్ మండల్ మొత్తం. నవ్వి నవ్వి కింద పడ్డరు. స్టూడియో ఆయన ఫోటో గూడ దించిండు, పైసలు పెంటయ్య ముందే ఇచ్చిండట.

చేతి రుమాలు మూతికి అడ్డం పెట్టుకొని ఇంటికొచ్చిన. గడప మీద యల్లమ్మక్క కూసొని ఉంది. నేను తల వంచుకొని నిలబడ్డ.

“రుమాలు తియ్” అన్నది.

తీసిన.

చూసింది. ముక్కు వంకాయ, మూతి నున్నగ. ఆపుకుందామని చూసింది. కాలే. చాట ఒళ్లెకెళ్లి జారింది, బీడీలన్ని గడపల పడ్డయి. కండ్లల్ల నీళ్లు వచ్చిందాక నవ్వింది. నవ్వుకుంటనే కొంగు ముడి ఇప్పి దారం తీసింది. రాఖీ గాదు, పసుపు పూసిన పడుగు పోగు.

“చెయ్యి పట్టు.”

కట్టింది. మూడు ముడులు ఏసింది. గట్టిగ, నెత్తురు ఆగేటట్టు.

“ఇది ఇప్పితే కాలు గాదు, చెయ్యే ఇరుస్త” అన్నది. “ఆ దినం పొద్దంత ఏస్తెనే వానికి అబ్బిన ముడి ఇది. నా కొడుకు నేర్పిండు.”

ఎన్నడు ఇప్ప అక్కా అన్న.

ఏలు మొద్దుబారుతుంది. కలం సరిగ పట్టుకోరాదు. ఇగ చాలు.